మాంచెస్టర్ ఎమ్మే

సోలాపూర్ తూర్పు భాగంలో పిల్లలు పరదేశం పోవడం కొత్త సంగతేం కాదు. ఇంజనీరింగు చదివినవాడు అమెరికా పోతాడు, ఎమ్మెస్ అంటాడు. అశోక్ చౌక్‌లో చాయ్ తాగే పెద్దమనుషులకు ఎమ్మెస్ అంటే ఏమిటో తెలియకపోయినా దాని వెనకాల ఏమొస్తుందో తెలుసు. డాలర్లొస్తాయి, మేడ మీద మేడ లేస్తుంది, ఆపైన వరంగల్ నుంచి పిల్లనిస్తామని కబురొస్తుంది. వాళ్లు తల ఊపి దీవిస్తారు. చిక్కంతా ఈ మధ్య మొలిచిన రెండో రకంతోనే.

"ఏం సదువుతందుకు పోతున్నవ్ బిడ్డా?"

"ఎమ్మే, కాకా."

"ఎమ్మెస్సా?"

"కాదు. ఎమ్మే. ఇంగ్లీష్ లిటరేచర్."

కాక సాసర్‌లో చాయ్ చల్లారేదాకా ఆలోచించి, "ఎమ్మెస్‌ల సీటు దొరకలేదా మరి?" అని వాడి భుజం తడతాడు. ఎవరో పోయినప్పుడు తట్టే తీరుగా.

నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. ఈ రకం పిల్లల్ని ముగ్గురు నలుగుర్ని దగ్గర్నుంచి చూశాను. ఎవరికీ కోపం రాకుండా అందరినీ ఒకే పడుగు మీద నేసి ఒక్కడిగా చూపిస్తున్నాను. వాడికి పేరు అక్కర్లేదు. గల్లీలో ఇప్పటికే పెట్టేశారు, మాంచెస్టర్ ఎమ్మే అని.

వాణ్ని గుర్తుపట్టడం తేలిక. బీఏ రెండో సంవత్సరం దాకా జీన్స్ ప్యాంటూ క్రికెట్ టీషర్టూ. మూడో సంవత్సరంలో పుణె పోయి వస్తాడు. వచ్చేటప్పుడు భుజాన గుడ్డసంచీ, ఒంటిమీద చేనేత కుర్తా. ఇంటి కింద నాలుగు సాంచెలు ఆడుతుండగా వాడు పద్దెనిమిది వందలు పోసి బట్ట కొనుక్కొచ్చాడు. వాళ్ల బాపు మూలాలు సిరిసిల్లవైపు, అందుకే ఆయన నోట పవర్లూమ్ ఇప్పటికీ సాంచే. ఆయన ఒక్క మాట అనలేదు. కుర్తా పక్క కుట్టు తిరగేసి, అంచు మీద బొటనవేలు నడిపి, వెలుతురుకు పెట్టి చూసి, "సాంచె మీదిదే. మనకు చెప్పినా నేసిస్తుంటిమి" అని చేతికిచ్చేశాడు. వాడు ఆ కుర్తాను మాత్రం మానలేదు. అది చేనేతో కాదో గాని సాహిత్యం అయితే అవును.

రెండో గుర్తు, వాడు ఎక్కడ కూర్చున్నా ఒకే ముక్క చెబుతాడు. టెక్స్ట్, టెక్స్‌టైల్ రెండూ ఒకే లాటిన్ మాటలోంచి పుట్టాయి, ఆ మాటకు నేయడం అని అర్థం. ఇది నిజమే. పెళ్లిలో చెప్పాడు, మార్కండేయ రథోత్సవంలో రథం ఆగినచోట చెప్పాడు, కటింగ్ షాపులో మెడ మీద కత్తి ఉండగా కూడా చెప్పాడు. వాళ్లమ్మమ్మ ఓపిగ్గా విని, "కథలు అల్లుతరని మనం అంటనే ఉన్నం గద బిడ్డా, లాటిన్‌ల చెప్తెనే తెలిసిందా?" అంది. వాడు నోట్‌బుక్ తీసి ఆ మాట రాసుకున్నాడు. అమ్మమ్మ నోటి నుంచి ఏది వచ్చినా రాసుకునే దశ అప్పటికే మొదలైంది. ముసలమ్మ కొన్నాళ్లు సంబరపడి, తర్వాత వాడు గదిలోకి వస్తే మాట్లాడటం తగ్గించింది.

ఇక్కడ ఎమ్మే లేక కాదు. ఒక్క సోలాపూర్ జిల్లా కోసమే 2004లో పెట్టిన విశ్వవిద్యాలయం పుణె రోడ్డు మీద ఉంది. ఇప్పుడు దాని పేరు పుణ్యశ్లోక్ అహిల్యాదేవీ హోళ్కర్ సోలాపూర్ విశ్వవిద్యాలయం. సిటీబస్సెక్కి పోయి, క్లాసు విని, సాయంత్రానికి ఇంటికొచ్చి జొన్న భాకరీ తినొచ్చు. అదే వాడి అభ్యంతరం కూడా. సాయంత్రానికి భాకరీ తినగలిగే దూరంలో సాహిత్యం ఉండదని వాడి నమ్మకం.

దరఖాస్తుతో పాటు 'నేనెందుకు చదవాలనుకుంటున్నాను' అని ఒక వ్యాసం పంపాలి. మూడు వారాలు రాశాడు. ముగించినరోజు వాళ్ల బాపు ఆ కాయితాలు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "మాస్టర్, పాతిక లక్షల సంగతి. నా గురించి ఏదో రాసిండట. ఏం రాసిండో చెప్పు."

నేను చదివి తెలుగులో చెప్పాను. 'సాంచె చప్పుడే నా తొలి ఛందస్సు' అని మొదలుపెట్టాడు.

"ఛందస్సంటే?"

"పద్యానికి తాళం లెక్క అనుకో."

బాపు నా మొహం వంక చూశాడు. "పదో తరగతి పరీక్షలప్పుడు ఈ తాళం బంద్ జేస్తవా లేదా అని మూడు దినాలు అన్నం మానేసింది వీడే గద మాస్టర్? నూలు పీచు చెవుల్ల కుక్కుకొని మీ ఇంట్ల కూసోని సదివిండు."

అది నిజం. మా ఇంట్లోనే చదివాడు. నేను ముందుకు పోయాను. రెండో పేరాలో వీడు పసితనంలో తండ్రి ఒళ్లో కూర్చుని నాడెలో కండె పెట్టడం నేర్చుకున్నాడు. బాపు చెయ్యెత్తి ఆపాడు. "ఒక్కసారి పెట్టిండు. ఉల్టా పెట్టిండు." మూడో పేరాలో తాత సిరిసిల్ల నుంచి మగ్గం భుజాన మోసుకుని నడిచి వచ్చాడు. "రైల్ల వచ్చిండు. టికెట్ లేకుంట వచ్చిండు, అది రాయమను, అది నిజం." నాలుగో పేరాకు వచ్చేసరికి ఆయన మాట్లాడలేదు. అందులో ఆయన అర్ధరాత్రి పోగు తెగితే టార్చి నోట పట్టుకుని ముడి వేయడం ఉంది. కాయితాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఇది మాత్రం సూసిండు దొంగ" అని పోయాడు.

సీటు వచ్చింది. మాంచెస్టర్‌లో. ఆ పేరు వినగానే పాతవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. మన మగ్గాల పొట్టకొట్టిన ఊరు అది. చౌక్‌లో ఒకాయన లెక్క తేల్చాడు. "అప్పుడు ఆళ్ల బట్ట ఈడికొచ్చింది. ఇప్పుడు మన పిల్లగాడు ఆడికి పోతున్నడు. రెండుసార్లు పైసలు కట్టింది మనమే."

పైసల సంగతి వచ్చింది కాబట్టి ఆ ఇరవై ఎనిమిది రోజుల ముచ్చట చెప్పాలి. బ్రిటన్ విద్యార్థి వీసాకు ఫీజు బాకీ, తొమ్మిది నెలల ఖర్చు కలిపి ఖాతాలో 28 రోజులు కదలకుండా ఉండాలి. ఒక్కరోజు తగ్గినా మళ్లీ ఒకటి నుంచి లెక్క. ఇంటి కాయితాల మీద లోను, అవ్వ పుస్తెలతాడు, భిషీలో ఎత్తిన చీటీ అన్నీ కలిసి ఆ ఖాతాలోకి చేరి పడుకున్నాయి. ఆ కుటుంబం చరిత్రలో అంత డబ్బు ఎప్పుడూ లేదు, అంత ఇబ్బందీ ఎప్పుడూ లేదు. తొమ్మిదో రోజు నూలు సేటు మనిషి వచ్చాడు. "ఇరవై దినాలు ఆగు, పైసలు నిద్రపోతున్నయి, లేపొద్దట" అన్నాడు బాపు. పద్నాలుగో రోజు మేనకోడలి పెళ్లి. లక్షాధికారి చేతిలో నూటపదహార్లు చదివింపులు చూసి బావమరిది ఇప్పటికీ మాట్లాడడు. ఇరవయ్యో రోజు మోటారు కాలింది. నాలుగు సాంచెల్లో ఒకటి వారం రోజులు మూగబోయింది. మన ఎమ్మే దాని ముందు కూర్చుని ఏదో రాసుకున్నాడట. బాపు చూసి, "రాయి బిడ్డా, రాయి. అది మళ్ల నడిస్తే నీకు పనుండదు" అన్నాడు.

వాళ్లవ్వ, అంటే అమ్మ, విడీలు చుడుతుంది. మరాఠీ గాలికి బీడీ మా దగ్గర విడి అయింది. ఈ ఊళ్లో మగవాడు సాంచె మీద, ఆడది చాట ముందర. కుంభారీ దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరుతో విడి కార్మిక స్త్రీలకు కట్టిన పదివేల ఇళ్ల కాలనీకి పోయి చూడండి, అరుగు అరుగుకూ చాట. ఆమె లెక్క వెయ్యిలో ఉంటుంది. రోజుకు వెయ్యి విడీలు. కొడుకు ఆఖర్న ఒక పెద్ద వ్యాసం రాయాలి, పదిహేను వేల మాటలు ఉండాలి అని చెబితే, ఆకు కత్తిరిస్తూనే అడిగింది. "వెయ్యి చొప్పున పదిహేను దినాలు. ఏడాది ఎందుకురా?"

వాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు.

దత్తనగర్‌లో లాల్ బావటా, అంటే ఎర్రజెండా, ఆఫీసుకు రోజూ పోయే ఒక పెద్దాయన మా గల్లీలో ఉన్నాడు. వాణ్ని అందరూ ఏడిపిస్తుంటే ఆయనొక్కడే లేచి నిలబడి చేయి కలిపాడు. "మాంచెస్టరా! ఎంగెల్స్ ఉన్న ఊరు గదరా. అయ్యకు అక్కడ మిల్లుల వాటా. సేటు కొడుకై ఉండి కార్మికుల గల్లీలన్ని తిరిగి పుస్తకం రాసిండు. 1845ల అచ్చయింది." ఇంగ్లీషు బీఏ పాసైన మనవాడు నోరు తెరిచాడు. వాడికి సిలబస్‌లో ఎలిజబెత్ గాస్కెల్ ఉంది, మాంచెస్టర్ మిల్లుల మీదే 'మేరీ బార్టన్' రాసిందని తెలుసు, ఎంగెల్స్ పేరు తెలుసుగాని ఊరు తెలియదు. పెద్దాయన ఏడో తరగతి. "నువ్వు సేటు కొడుకువు గాదు, నాలుగు సాంచెల ఆసామి కొడుకువు. నీకింక సులువు" అని దీవించి, వాడి దగ్గరే చాయ్ తాగి పోయాడు.

సామాను కట్టే రాత్రి గల్లీ గల్లీ అంతా వాళ్లింట్లోనే. సోలాపూర్ చాదర్ ఒకటి పెట్టుకోకుండా ఏ బిడ్డా పరదేశం పోడు. దానికి జీఐ గుర్తింపు ఉంది, బరువూ ఉంది. విమానంలో ఇరవైమూడు కిలోలు. ముగ్గురు మేనత్తలు మూడు చాదర్లు తెచ్చారు. కాదంటే ఏ మేనత్త చాదరు కాదన్నట్టు? కడక్ భాకరీలు నలభై, షేంగా చట్నీ రెండు కిలోలు. చాయ్‌లో వేసుకుంటాడని అల్లం. కాంటా మీద పెట్టె ముప్పై ఒకటి చూపింది. ఏం తీద్దామని అడిగితే అవ్వ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"పుస్తకాలు తియ్యి. ఆడ ఉంటయి గద, దానికోసమే గద పోతున్నవ్."

ఆ మాటకు అప్పీలు లేదు. సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబై దాకా బాపు తోడు పోయాడు. గుడ్డసంచీలో చేత పట్టుకున్న ఒకే ఒక్క పుస్తకం 'సైలస్ మార్నర్'. జార్జ్ ఎలియట్ నవల. నాయకుడు నేతగాడే. దారిలో వాడు బాపుకు కథ చెప్పాడట. నేతగాడు కష్టపడి కూడబెట్టిన బంగారమంతా దొంగ ఎత్తుకుపోతాడు. బాపు ముంబై దాకా నిద్రపోలేదు. పుస్తెలతాడు గుర్తొచ్చిందట.

వాడు వెళ్లాక మొదటి నెల చలీ, తిండీ, ఒంటరితనం. అందరికీ ఉండేవే, వాటిని వదిలేద్దాం. రెండో నెలలో అసలు జబ్బు బయటపడింది. ఫోన్లు మొదలయ్యాయి. ఇరవై రెండేళ్లు ఏ చప్పుడు భరించలేక చెవుల్లో నూలు కుక్కుకున్నాడో దాన్నే అక్కడ వెతుక్కుంటున్నాడు.

మాంచెస్టర్‌లో సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం ఉంది, 1830 నాటి రైల్వే స్టేషన్ ఆవరణలో. అందులో పాత పత్తి యంత్రాల గ్యాలరీ. మనవాడు అక్కణ్నుంచి వీడియో కాల్ చేశాడు. "బాపూ, సూడు!" కడ్డీకి అవతల సాంచె. ఇవతల పిల్లలూ పెద్దలూ నలభైమంది నోళ్లు తెరిచి నిలబడ్డారు. బాపు ఇక్కడ నడుస్తున్న సాంచె ముందు నిలబడి, నడవని సాంచెను ఫోన్‌లో చూస్తున్నాడు. "దాన్ని సూస్తందుకు టికెటా?"

"లేదు, ఫుకట్."

"మరి మన దగ్గర ఎవరు రారేంది?"

ఇంకోరోజు పాత లాంకషైర్ మిల్లుల ఆడవాళ్ల సంగతి. చప్పుడులో మాట వినపడక పెదాలు పెద్దగా కదిలించి, చేతులు ఆడించి మాట్లాడుకునేవారు. దానికొక పేరు కూడా ఉంది, మీ-మా అంటారు. "ఇదే నా థీసిస్ బాపూ! నువ్వూ అవ్వా కూడా అట్లనే మాట్లాడుకుంటరు గద!" అవ్వ వెనకాల నుంచి నోరు కదిలించి ఏదో అంది, చెయ్యి తిప్పింది. బాపు నవ్వాడు. ఏమన్నదని వాడు ఎంత అడిగినా చెప్పలేదు.

మరోసారి, అక్కడి నేతపనివాళ్లు నాడె కంటిలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగేవారని, దుమ్మూ రోగాలూ అంటుతాయని 1952లో లాంకషైర్‌లో దాన్ని నిషేధించారని చెప్పాడు. ఇంతవరకు బాగానే ఉంది. "దానికి పేరేందో తెలుసా? కిసింగ్ ది షటిల్!" స్పీకర్ ఆన్‌లో ఉంది. పక్కన కొత్త కోడలు అన్నం వడ్డిస్తోంది. బాపు దగ్గాడు. "మా తాత గట్లనే ఎక్కిచ్చేటోడు. పేరు మాత్రం పెట్టలేదు" అని ఫోను కట్ చేశాడు.

జకార్డు సంగతి చెప్పినరోజు మాత్రం ఇల్లు అదిరింది. చాదర్ల మీద పువ్వులు వేసే ఆ బొక్కల అట్టలున్నాయే, ఫ్రెంచివాడు జకార్డ్ 1804 ప్రాంతంలో పట్టుకొచ్చినవి, వాటిని చూసే బాబేజ్ అనేవాడికి తన లెక్కల యంత్రానికి అట్టలు వాడాలని తోచింది, కంప్యూటర్‌కు తాత మన సాంచే అని వాడు గర్వంగా ముగించాడు. అవతల పక్క చాలాసేపు మాట లేదు. తర్వాత బాపు గొంతు నెమ్మదిగా, "అయితే కంప్యూటరే సదువుతే అయిపోయేది గదరా."

షేక్‌స్పియర్ నాటకంలో కూడా నేతగాడున్నాడు, బాటమ్ అని. వాడికి గాడిద తల మొలుస్తుంది. అది మాత్రం ఇంట్లో చెప్పొద్దని నేనే ఆపాను. కులసంఘం దాకా పోతుంది.

ఒక రాత్రి పదకొండింటికి నాకే వాట్సాప్ కాల్. వాళ్ల ప్రొఫెసరమ్మ ఒక్కొక్కరినీ మీ మీ భాషలో ఒక పద్యం తెచ్చి చదవమందట. వీడు ఇంట్లో మాట్లాడేది తెలుగు. బడి మరాఠీ. గల్లీలో కన్నడమూ దక్కనీ. డిగ్రీ ఇంగ్లీషు. దరఖాస్తులో మాతృభాష అన్నచోట తెలుగు అని రాశాడు, కాని తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అవ్వను బతుకమ్మ పాట పాడమంటే, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరగందే పాట రాదంది. పక్కింటోళ్లను పిలిచి తిరుగుతానంటే వీడికే సిగ్గేసింది.

"మాస్టర్, తెలుగు అక్షరాలు నేర్పుతరా? శుక్రవారం లోపల?"

మా గోడకూ వాళ్లింటి గోడకూ మధ్య చెయ్యి పట్టదు. ముప్పై రెండేళ్లు ఆ గోడకివతల నేను అ ఆలు దిద్దించాను. మా బళ్లో చేరే పిల్లలు ఏటేటా తగ్గిపోతుంటే పలకలు పట్టుకుని గల్లీ గల్లీ తిరిగాను. వీడి ఇంటికీ పోయాను. వీడప్పుడు సాంచె కింద దాక్కున్నాడు. ఇప్పుడు ఏడువేల కిలోమీటర్ల అవతలి నుంచి, దుప్పటి కప్పుకుని, 'అ'కు తలకట్టు ఉంటుందా అని అడుగుతున్నాడు. ఉండదని చెప్పాను. శుక్రవారానికి వాడు తన పేరు రాయగలిగాడు, కొమ్ము ఒకటి తప్పు. పద్యం బదులు ఆ పేరే బోర్డు మీద రాసి వచ్చాడట. బాగా చప్పట్లు పడ్డాయట. ఫీజు సంగతి నేను అడగలేదు.

ఇక అక్టోబరు నాటి సెమినార్. వాడి వంతు వచ్చింది. విషయం, మిల్లుల నవలల్లో చప్పుడు. వట్టి మాటలెందుకు, నిజమైన చప్పుడే వినిపిద్దామని వాడికి తోచింది. అక్కడ మధ్యాహ్నం, ఇక్కడ నాలుగున్నర. బాపు ఫోను కుర్తాకు తుడిచి సాంచె పక్కన నిలబెట్టాడు. స్విచ్ వేశాడు. మాంచెస్టర్‌లో పన్నెండుమంది విద్యార్థులు ఉలిక్కిపడ్డారు. రెండు నిమిషాలు దడదడ సాగింది.

పడుగులో పోగు తెగింది. బాపు సాంచె ఆపి, ఫోను నేసిన చాదరు మీద వెల్లకిలా పడేసి, అటువైపు పోయాడు. పన్నెండుమందికీ తెర నిండా రేకుల కప్పు కనిపించింది. దూదిపీచు పట్టిన సాలెగూడు ఒకటి. ఆగిపోయిన ఫ్యాను ఒకటి. ఎవరూ కదల్లేదు. ఒక నిమిషం, రెండు, ఐదు. మనవాడికి చెమటలు. పిలుద్దామంటే బాపు పలకడు, కట్ చేద్దామంటే ప్రొఫెసరమ్మ వద్దన్నట్టు చెయ్యెత్తింది. ఆమె కళ్లు తెర మీదే ఉన్నాయి. పదకొండు నిమిషాలు అలా గడిచాక ఆమె నెమ్మదిగా మాట్లాడింది. ఈ ఊరి మగ్గాలు కూడా ఒకరోజు ఇలాగే ఆగిపోయాయి, ఏ నవలా ఇంత బాగా చెప్పలేదు అంది. ముందు వరసలో ఒకమ్మాయి ముక్కు తుడుచుకుంది. నిజం చెప్పడానికి వాడికి నోరు రాలేదు.

రాత్రి ఫోన్ చేశాడు. అప్పుడు నేను బాపు దగ్గరే ఉన్నాను.

"బాపూ, మేడమ్ మస్తు మెచ్చుకున్నది. ఆ నిశ్శబ్దం అద్భుతం అన్నది."

"లైట్ పోయింది బిడ్డా. పోగు కట్టేలోపట్నే పోయింది. నడుమ చాయ్ తాగొచ్చిన."

"తెలుసు. నేను చెప్పలేదు."

"మంచి పని జేసినవ్. గది మొత్తం మీ దగ్గర రికార్డయిందా?"

"అయింది."

"అయితే సూసి చెప్పు. ఫ్యాను పక్కకు, ఎడమ దిక్కు మూలన రేకుకు బొక్క పడ్డది, ఆన్నుంచి నీళ్లు చాదర్ల మీద పడుతున్నయి. నాకు కింది నుంచి అందుతలేదు, కనవడుతలేదు. మీ తెర పెద్దది గద. ఎంత ఉన్నదో చెప్తే ఎంసీల్ తెస్త."

వాడు రికార్డింగు తెరిచాడు. మేమిద్దరం ఎదురుచూశాం. పదకొండు నిమిషాలూ మొదట్నుంచీ చూసినట్టున్నాడు, అంతసేపు పట్టింది.

"రెండున్నయి బాపూ. ఒకటి రూపాయి బిళ్లంత. ఇంకోటి చిన్నది, సాలెగూడు వెనక."